ఇనుముకు బెజ్జం వేయాలంటే బలం కాదు, నిదానం కావాలి

గరాజ్‌లో డ్రిల్లు పట్టే మనవాళ్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అనుభవం

నా ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక గీత ఉంది. ఆరు కుట్లు పడ్డ గుర్తు. ఆఫీసులో ఎవరైనా అడిగితే వంటింట్లో చాకు గీసుకుందని చాలాకాలం చెప్పాను. అసలు సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసేది. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. ఆయన కొడుకునై ఉండి, పలచటి రేకుకు డ్రిల్లుతో బెజ్జం వేయబోయి చెయ్యి కోసుకున్నాను.

ఇది డాలస్ శివార్లలోని మా ఇంటి గరాజ్‌లో జరిగింది. ఇక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లలో పెరటి తోట ఎంత మామూలో మీకు తెలిసిందే. ఎండలు మొదలైతే చాలు బీర, సొర, దొండ, కాకర... ఎవరి పెరట్లో చూసినా ఒక పందిరి. మాదీ అంతే. అయితే చెక్కతో కట్టిన మా పందిరి ఒక గాలివానకు కాయలతో సహా కూలిపోయింది. ఈసారి ఇనుప యాంగిల్స్‌తో, బోల్టులు బిగించి గట్టిగా కట్టాలనుకున్నాను. నాకు వెల్డింగ్ రాదు. కాబట్టి బెజ్జాలు వేసి బోల్టులు పెట్టడమే దారి. లెక్క వేస్తే మొత్తం 64 బెజ్జాలు.

డ్రిల్లుంది, బిట్లున్నాయి, ఒక్క శనివారం పని అనుకున్నాను. తొమ్మిదో బెజ్జం దగ్గర చెయ్యి తెగింది.

పందిరి మూలల్లో గుంజనూ అడ్డకమ్మీనీ కలిపి పట్టడానికి ఒక రేకు ముక్క తీసుకున్నాను. దాన్ని ఎడమచేత్తో బల్లకు అదిమి, కుడిచేత్తో డ్రిల్లు నొక్కుతున్నాను. బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును పట్టేసుకుంది. రేకు ఫ్యాను రెక్కలా గిర్రున తిరిగింది. పదమూడేళ్ల మా అమ్మాయి నాకు రెండడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. కుట్లు వేయించుకుని ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నొప్పి వల్ల కాదు. ఆ రేకు ఊడి అమ్మాయి వైపు ఎగిరి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన వల్ల.

మనవాళ్లలో చాలామంది గరాజ్‌లో డ్రిల్లు ఉంటుంది. ఫర్నిచర్ బిగించడానికో, టీవీని గోడకు తగిలించడానికో కొన్నదే. చెక్కకూ గోడకూ అలవాటైన చేత్తోనే లోహం మీదికి వెళ్తాం. తేడా అక్కడే వస్తుంది. ఆ ఏడాది మా నాన్న వచ్చి నేర్పినవీ, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నాకు పడ్డ కుట్లు మరొకరికి పడకూడదని.

నాన్న తనిఖీ

ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. వచ్చిన మూడో రోజే నాన్న గరాజ్‌లోకి వెళ్లి నా బిట్ల పెట్టె తెరిచారు. డిస్కౌంట్లో చవగ్గా వచ్చిందని కొన్న పెట్టె అది. రెండు వందల పైచిలుకు బిట్లు, అన్నీ బంగారు రంగులో మెరుస్తూ ఉంటాయి. ఆయన ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పెట్టి చూశారు. కొనను గోటి మీద ఆనించి చూశారు. తర్వాత డ్రిల్లు చేతిలోకి తీసుకున్నారు.

"ఏరా, ఈ సుత్తి బొమ్మ మీద పెట్టే ఇనుముకి బెజ్జాలు వేశావా?"

అవును. అంతకుముందు గోడకు మేకులు దించినప్పుడు పెట్టిన హ్యామర్ మోడ్ అలాగే ఉండిపోయింది. గోడను పొడి చేయడానికి ఆ దెబ్బలు కావాలి. ఇనుము పొడి అయ్యేది కాదు, కోత పడేది. దెబ్బ తగిలిన కొద్దీ బిట్టు అంచు చితికిపోతుంది.

బల్ల మీద నేను పాడుచేసిన నాలుగు బిట్లున్నాయి. నాన్న వాటిని వరుసగా పేర్చారు. ఒకటి అసలు ఇనుముకు పనికొచ్చేదే కాదు, గోడల బిట్టు. రెండోదాని కొన వేడికి నీలంగా మారిపోయింది. మూడోది సగానికి విరిగింది. నాలుగోది చూడటానికి బాగానే ఉంది కానీ స్టీలు పలక మీద అద్దంలా మెరిసే గుంట ఒకటి చేసి అక్కడితో ఆగిపోయింది.

"నాలుగు బిట్లు, నాలుగు తప్పులు" అన్నారు నాన్న. ఆ వరుసలోనే చెప్తాను.

మొదటి తప్పు: దేనికి ఏ బిట్టు

గోడల బిట్టు కొనలో చిన్న కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది. అది ఇటుకనూ కాంక్రీటునూ పిండి చేయడానికి చేసినది. దాని అంచు మొద్దుగా ఉంటుంది, ఇనుమును కోయలేదు. చెక్క బిట్టు కొన మధ్యలో ముల్లు, అటూ ఇటూ రెండు కోరలు ఉంటాయి. ఇనుము మీద పెడితే మొదట పోయేవి ఆ కోరలే. లోహానికి కావాల్సింది కొన శంకువులా ఉండి, ఒంటి చుట్టూ రెండు గాడులు మెలితిరిగిన ట్విస్ట్ బిట్టు. ఆ గాడులు అందం కోసం కాదు, కోసిన పొట్టు పైకి రావడానికి దారి. దీనికి 1863లో మసాచుసెట్స్‌కు చెందిన స్టీఫెన్ మోర్స్ పేటెంట్ తీసుకున్నాడు. నూట అరవై ఏళ్లు దాటినా ఆ రూపం పెద్దగా మారలేదు.

మారింది ఉక్కు. మామూలు కార్బన్ ఉక్కు బిట్టు రెండు వందల డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడటం మొదలవుతుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్‌ల ఉక్కు పనిముట్లు కొన ఎర్రగా కాలుతూ కూడా ఇనుమును కోసి చూపించాయి. అదే దారిలో వచ్చింది హై స్పీడ్ స్టీల్. బిట్టు మీద హెచ్‌ఎస్‌ఎస్ అని ఉండేది ఇదే. టంగ్‌స్టన్, మాలిబ్డినమ్, క్రోమియం, వనేడియం కలిసిన ఈ ఉక్కు సుమారు 600 డిగ్రీల దాకా పదును నిలుపుకుంటుంది. ఇంటి పనిలో మామూలు ఇనుము, అల్యూమినియం, ఇత్తడి, అన్నింటికీ మంచి హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు చాలు.

దానికి పై మెట్టు కోబాల్ట్. ఇది పూత కాదు, ఉక్కులోనే కలిసి ఉంటుంది. ఎం35 అంటే సుమారు 5 శాతం, ఎం42 అంటే సుమారు 8 శాతం కోబాల్ట్. వేడికి ఇంకా బాగా తట్టుకుంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇదే సరైనది. అయితే కాస్త పెళుసు. డ్రిల్లు పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఇక మన కళ్లకు ఇంపైన బంగారు రంగు. అది టైటానియం నైట్రైడ్ పూత, మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మంచి ఉక్కు మీద వేస్తే రాపిడి తగ్గించి మేలు చేస్తుంది. నాసి ఉక్కు మీద వేస్తే నకిలీ నగకు పూసిన పూతే. పైగా ఒకసారి సాన పట్టగానే కొన మీద ఆ పూత పోతుంది. కొనేటప్పుడు రంగు కాదు, లోపలి ఉక్కు ఏమిటో రాశారా లేదా చూడండి.

కొన కోణం కూడా గమనించాలి. 118 డిగ్రీలది కాస్త మొనదేలి ఉంటుంది, మెత్తటి లోహాలకూ సాధారణ పనికీ మంచిది. 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ కొన కొంచెం చదునుగా ఉండి, మధ్యలో కూడా కోసే అంచు ఉంటుంది. అందువల్ల పెట్టిన చోట నుంచి అటూ ఇటూ జారదు. చేత్తో పట్టే డ్రిల్లుకు నా ఓటు దీనికే. పొట్టి బిట్లు దొరికితే ఇంకా మంచిది. పొడుగు తగ్గితే వంగడం, విరగడం తగ్గుతాయి.

రెండో తప్పు: తొందర

నీలంగా మారిన బిట్టుకు నేను చేసిన ద్రోహం ఏమిటంటే, డ్రిల్లును రెండో గేరులో పెట్టి ట్రిగ్గర్ చివరిదాకా నొక్కడం. చెక్కకు అలాగే చేస్తాం కదా. లోహంలో వేగం పెరిగితే పని వేగంగా జరగదు, వేడి పెరుగుతుంది. వేడికి అంచు పోతుంది. అంచు పోతే ఇంకా గట్టిగా నొక్కుతాం. ఇంకా వేడి.

నాన్న ఈ లెక్కను ఎప్పుడూ కాగితం మీద వేయలేదు. చెవితో విని, పొట్టు చూసి చెప్పేవారు. నేను కాగితం మీద వేశాను. అంగుళాల్లో అయితే: లోహానికి తగిన కోత వేగాన్ని 4తో గుణించి, బిట్టు వ్యాసంతో భాగించాలి. వచ్చేది నిమిషానికి ఎన్ని చుట్లో ఆ సంఖ్య. కోత వేగం నిమిషానికి ఇన్ని అడుగులని ఉంటుంది. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుతో మామూలు ఇనుముకు 80, స్టెయిన్‌లెస్‌కు 30, అల్యూమినియానికి 200 అనుకుంటే ఇంటి పనికి సరిపోతుంది.

పావు అంగుళం బిట్టు తీసుకోండి. ఇనుము మీద 1280 చుట్లు. స్టెయిన్‌లెస్ మీద 480. అల్యూమినియం మీద 3200. అదే అర అంగుళం బిట్టు అయితే ఇవన్నీ సగం అయిపోతాయి. బిట్టు లావైన కొద్దీ నెమ్మది, లోహం గట్టిపడిన కొద్దీ నెమ్మది, ఇంతే సూత్రం. బ్యాటరీ డ్రిల్లు చాలావాటిలో మొదటి గేరు సుమారు 500 చుట్ల దాకా, రెండోది 1500 నుంచి 2000 దాకా తిరుగుతుంది. కాబట్టి అంగుళంలో ఎనిమిదో వంతు సన్న బిట్టుకు తప్ప, ఇనుము మీద రెండో గేరు పూర్తిగా నొక్కాల్సిన అవసరం దాదాపు రాదు. మా అమ్మాయి ఈ అంకెలన్నీ ఒక అట్ట మీద రాసి గరాజ్ గోడకు అతికించింది.

వేగం తగ్గించాక రెండో మందు నూనె. చిన్నప్పుడు ఆటోనగర్ వెళ్తే లేత్ మీద పాలలా తెల్లటి నీళ్లు కారుతూ ఉండేవి. నిజంగా పాలే పోస్తున్నారనుకునేవాణ్ని. అది నీళ్లలో కలిసే కటింగ్ ఆయిల్ అని ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో పైపులకు మరలు కోయడానికి అమ్మే కటింగ్ ఆయిల్ చిన్న సీసా చాలు. బెజ్జం మొదలుపెట్టే ముందు ఒక చుక్క, మధ్యలో ఒకసారి బిట్టు బయటకు తీసి పొట్టు దులిపి ఇంకో చుక్క. అల్యూమినియం మెత్తన, బిట్టు గాడులకు బంకలా అంటుకుపోతుంది. దానికి డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టినా సరిపోతుంది. పోత ఇనుముకు మాత్రం నూనె వద్దు. అందులో ఉండే గ్రాఫైటే కందెనలా పనిచేస్తుంది, నూనె వేస్తే పొడి అంతా బురదలా తయారవుతుంది.

పని సరిగ్గా సాగుతోందా అన్నది పొట్టే చెప్తుంది. ఇనుము మీద రెండు గాడుల్లోంచీ సమానంగా మెలికలు తిరిగిన చుట్టలు వస్తుంటే అంతా బాగున్నట్టు. పిండిలా రాలుతుంటే అంచు మొద్దుబారింది, లేదా మీరు నొక్కేది చాలడం లేదు. పొట్టు నీలంగా వస్తుంటే వేగం ఎక్కువైంది. పొగ వస్తుంటే ఆపేయండి.

మూడో తప్పు: పట్టు లేకపోవడం

నా చెయ్యి తెగిందీ, మూడో బిట్టు విరిగిందీ ఈ తప్పు వల్లే.

ముందు గుర్తు. పెన్సిల్ గీత మీద నేరుగా బిట్టు పెడితే అది ఎటో జారిపోతుంది. సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చిన్న గుంట పడుతుంది. బిట్టు కొన అందులో కూర్చుంటుంది. స్ప్రింగుతో పనిచేసే పంచ్‌లు కూడా ఉన్నాయి, సుత్తి అక్కర్లేదు.

తర్వాత చిన్న బెజ్జం. బిట్టు కొన మధ్యలో ఉండే అడ్డగీత లోహాన్ని కోయదు, తోస్తుంది. మన బలంలో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది. అందుకే పెద్ద బెజ్జానికి ముందు, ఆ అడ్డగీత వెడల్పుకు సరిపడా చిన్న బెజ్జం వేసుకోవాలి. మా పందిరికి ఎనిమిదో వంతు అంగుళం బిట్టుతో మొదట చిన్న బెజ్జం వేసి, ఆపైన అసలు బిట్టు పెట్టాం. ఈ చిన్న బెజ్జం మరీ పెద్దదైనా ఇబ్బందే. పెద్ద బిట్టు అంచులు ఒక్కసారిగా పట్టేసి లాగుతాయి.

అన్నిటికంటే ముఖ్యం బిగింపు. నాన్న ఆ రోజు నాతో చేయించిన మొదటి పని డ్రిల్లు పక్కన పెట్టించి, రెండు క్లాంపులతో యాంగిల్ ముక్కను బల్లకు బిగించడం. "చెయ్యి కొలవడానికి, గుర్తు పెట్టడానికి. పట్టుకోవడానికి వైస్ ఉంది" అన్నారు. డ్రిల్ ప్రెస్ ఉన్నవాళ్లకూ ఇదే మాట. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లులా తిరుగుతుంది. పొడుగు ముక్క అయితే దాని తోక మీ ఎడమవైపు, ప్రెస్ స్తంభానికి ఆనేలా పెట్టండి. బిట్టు పట్టేసినా ముక్క స్తంభానికి తగిలి ఆగుతుంది, మీ పొట్టకు తగలదు.

ప్రమాదం మొదట్లో ఉండదు, చివర్లో ఉంటుంది. బిట్టు అవతలికి దిగబోయే క్షణంలో అడుగున పలచటి పొర మిగులుతుంది. గట్టిగా నొక్కుతుంటే బిట్టు ఆ పొరను కోయకుండా మరలా దూసుకుపోతుంది. అప్పుడు ముక్క అయినా తిరగాలి, మీ మణికట్టు అయినా తిరగాలి, బిట్టు అయినా విరగాలి. కాబట్టి శబ్దం మారగానే ఒత్తిడి తగ్గించండి, తిరగడం ఆపొద్దు. డ్రిల్లుకు పక్కపిడి ఉంటే బిగించుకుని రెండు చేతులతో పట్టుకోండి.

రేకు అయితే మొదటి నుంచి చివరి దాకా ఆ ప్రమాద క్షణమే. దానికి మామూలు బిట్టు వాడకండి. మెట్లు మెట్లుగా పెద్దదయ్యే స్టెప్ బిట్టు ఉంటుంది. రేకు మందం ఒక్కో మెట్టు ఎత్తు కంటే తక్కువ ఉన్నంతవరకు గుండ్రంగా, శుభ్రంగా బెజ్జం పడుతుంది. అది లేకపోతే రెండు చెక్క ముక్కల మధ్య రేకును పెట్టి, మూడింటినీ కలిపి బిగించి బెజ్జం వేయండి. స్టెప్ బిట్టు సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ ఆరు కుట్లు పడేవి కావు.

నాలుగో తప్పు: స్టీలుతో మొహమాటం

రేకు నా చెయ్యి కోశాక, దాని బదులు మూలలకు మందపాటి స్టెయిన్‌లెస్ పలకలు తెచ్చాను. తుప్పు పట్టవు కదా అని. మన ఇళ్లలో స్టీలు అంటే స్టెయిన్‌లెస్ స్టీలే. స్టీలు గిన్నె, స్టీలు క్యారేజీ. ఇక్కడి దుకాణంలో స్టీల్ అంటే మామూలు ఇనుము. రెండూ ఒకేలా బెజ్జం పడతాయనుకోవడం నా అజ్ఞానం.

304 రకం స్టెయిన్‌లెస్‌కు ఒక మొండి గుణం ఉంది. దాన్ని ఎంత నలిపితే అంత గట్టిపడుతుంది. బిట్టు కోయకుండా ఊరికే పైన రుద్దుతూ తిరిగితే, ఆ చోటు అసలు పలక కంటే గట్టిగా తయారవుతుంది. నేను చేసిందదే. బిట్టు పాడవుతుందేమోనని భయం భయంగా, తేలిగ్గా ఆనించి, వేగంగా తిప్పాను. మెరిసే గుంట మిగిలింది. ఆ తర్వాత కొత్త బిట్టు పెట్టినా దిగలేదు.

స్టీలుకు నాన్న పద్ధతి ఇది. పదునైన కోబాల్ట్ బిట్టు. మొదటి గేరు, అందులోనూ సగం ట్రిగ్గర్. నూనె ధారాళంగా. మొదలుపెట్టిన క్షణం నుంచి స్థిరంగా నొక్కు. పొట్టు వస్తూనే ఉండాలి. ఆపాలనిపిస్తే బిట్టు పూర్తిగా పైకి తీసెయ్, లోపల ఊరికే తిరగనివ్వకు. "మొహమాటపడితే అది నెత్తికెక్కుతుంది" అన్నారు. బలం వద్దన్న మనిషే ఇక్కడ నొక్కమంటున్నారేమిటని అడిగాను. "బలం కాదురా, నిలకడ. ఒకే తీరుగా నొక్కు, మధ్యలో వదలకు" అని నా చేతి మీద ఆయన చెయ్యి వేసి ఒక బెజ్జం దించారు. అప్పుడు గానీ ఆ ఒత్తిడి ఎంతో నాకు అర్థం కాలేదు. ఏ వీడియోలోనూ అది తెలియదు.

చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. ఇనుముకు గట్టిగా అంటుకుంటుంది. 304 స్టెయిన్‌లెస్‌కు అంటదు, అంటినా అంతంతమాత్రమే. అయస్కాంతం అంటే స్టెయిన్‌లెస్ రకాలూ కొన్ని ఉన్నాయి కాబట్టి ఇదొక్కటే తుది పరీక్ష కాదు.

సైజుల గందరగోళం

మనం మిల్లీమీటర్లలో చదువుకుని వచ్చాం. ఇక్కడ బిట్లకు నాలుగు లెక్కలు. అంగుళాల భిన్నాలు ఒకటి, మిల్లీమీటర్లు ఒకటి. ఇవి కాక 1 నుంచి 80 దాకా నంబర్లు, వాటిలో నంబరు పెరిగితే బిట్టు సన్నమవుతుంది. ఆపైన ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, అక్షరం ముందుకు పోతే బిట్టు లావవుతుంది. బెజ్జంలో మర కోయాలనుకుంటే ఇవి అవసరమవుతాయి. పావు అంగుళం, అంగుళానికి 20 మరల బోల్టుకు నంబర్ 7 బిట్టు వాడతారు. మన 6 మిల్లీమీటర్ల మామూలు మర బోల్టుకు 5 మిల్లీమీటర్ల బిట్టు.

బోల్టు ఊరికే దూరిపోవాలంటే బెజ్జం దానికంటే కాస్త పెద్దదిగా ఉండాలి. నేను 5/16 అంగుళం బోల్టుకు సరిగ్గా 5/16 బిట్టుతోనే బెజ్జాలు వేశాను. ఒక్క బెజ్జం వెంట్రుకవాసి పక్కకు పోయినా మిగతా మూడూ కలవవు. ఆ ఎనిమిదింటినీ గుండ్రటి ఆకురాయితో అరగదీసి సరిచేయాల్సి వచ్చింది. మిగతావాటికి 11/32 బిట్టు వాడాం. పందిరికి ఆ మాత్రం వదులు మంచిదే.

కొత్తగా కొనేవాళ్లకు రెండు వందల బిట్ల పెట్టె అక్కర్లేదు. స్తోమత ఉంటే 1/16 నుంచి అర అంగుళం దాకా 29 బిట్లుండే మంచి హెచ్‌ఎస్‌ఎస్ సెట్టు. లేదంటే 1/8, 3/16, 1/4, 5/16, 3/8 మంచివి ఒక్కొక్కటి, తరచూ వాడే సైజు ఇంకొకటి అదనంగా. స్టీలు పని ఉంటే ఆ సైజులో మాత్రం కోబాల్ట్ ఒకటి. ఒక స్టెప్ బిట్టు. ఒక పంచ్, రెండు క్లాంపులు, ఒక నూనె సీసా. ఇంతే.

ఒంటి మీద ఏముందో చూసుకోండి

కళ్లద్దాలు తప్పనిసరి, మామూలువి కాదు, జెడ్87 గుర్తున్నవి. చేతి తొడుగులు మాత్రం వద్దు. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. తిరిగే బిట్టుకు తొడుగు అంచు చిక్కితే వేళ్లను కూడా లాక్కుపోతుంది. అదే కారణంతో చున్నీ, చీర కొంగు, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు, ఉంగరం, గడియారం, గుడిలో మణికట్టుకు కట్టిన ఎర్రదారం కూడా డ్రిల్లు దగ్గర ఉండకూడదు. దారం తీయడానికి మనసొప్పకపోతే బిగుతు చేతి చొక్కా లోపలికి దోపుకోండి.

పొట్టును చేత్తో తుడవకండి, నోటితో ఊదకండి. బ్రష్ వాడండి. నేల మీద ఇనుప రజను ఏరడానికి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిప్పండి. తర్వాత సంచిని తిరగేస్తే రజనంతా అందులోనే ఉండిపోతుంది. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు మనది. గరాజ్ చెప్పులతో లోపలికి వస్తే ఆ ముళ్లు కార్పెట్‌లోకి, అక్కణ్నుంచి పిల్లల పాదాల్లోకి చేరతాయి. గరాజ్‌కు వేరే బూట్లు పెట్టుకోండి. బెజ్జం అంచున మిగిలే పదునైన మొలకలను కూడా పెద్ద బిట్టును చేత్తో రెండు చుట్లు తిప్పి తీసేయండి.

సాన పట్టిన సాయంత్రాలు

మే, జూన్ నెలల్లో మా ఇంట్లో సాయంత్రాలు గరాజ్‌లోనే గడిచాయి. ఇంతకుముందు నాన్న వచ్చినప్పుడల్లా రెండో నెలకే "ఇక్కడ నాకేం పనిరా" అనేవారు. పొద్దున నడక, మధ్యాహ్నం టీవీ, వారాంతం గుడి. ఈసారి ఆ మాట వినపడలేదు. పాత గ్రైండర్ ఒకటి కొనిపెట్టాను. పారేద్దామనుకున్న బిట్లు ఒక్కొక్కటిగా ఆయన చేతిలో మళ్లీ పదునెక్కాయి.

మొదట్లో మనవరాలు దూరంగా కుర్చీలో కూర్చుని చూసేది. రేకు తిరిగిన రోజు భయం దానికి ఇంకా పోలేదు. నాన్న బలవంతం చేయలేదు. ఒక వారం తర్వాత అద్దాలు పెట్టుకుని తనే దగ్గరికొచ్చింది. అంచుకు 59 డిగ్రీల చొప్పున రెండు వైపులా ఒకేలా రావాలి, రెండు అంచుల పొడుగూ సమానంగా ఉండాలి, అంచు వెనక భాగం కొంచెం వాలుగా తగ్గాలి. ఒక అంచు పొడుగైతే బెజ్జం బిట్టు కంటే పెద్దదవుతుంది. ఇవన్నీ కోణమానినితో కొలిచి చూసింది. తాతయ్య కొలవకుండా చేసినది ఒక్క డిగ్రీ తేడాతో వచ్చేసరికి నోరు తెరిచింది. తను సాన పట్టిన మొదటి బిట్టుతో యాంగిల్ మీద బెజ్జం వేస్తే రెండు గాడుల్లోంచీ జోడు చుట్టలు లేచాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ దాని బల్ల మీద ఉంది.

జూన్ మూడో వారానికి 64 బెజ్జాలూ పూర్తయ్యాయి. ఇనుముకు మిగిలిన బెజ్జాలన్నీ ఒక్క హెచ్‌ఎస్‌ఎస్ బిట్టే వేసింది, మధ్యలో ఒక్కసారి సాన పట్టాం. స్టీలు పలకలకు ఒక కోబాల్ట్ బిట్టు. నేను ఒక్క శనివారంలో నాలుగు బిట్లు పాడుచేసిన పనే ఇది. పందిరి ఆ ఏడాది గాలులకు కదల్లేదు. ఆలస్యంగా పాకించినా బీరకాయలు పక్కింటివాళ్లకు పంచేటన్ని కాశాయి.

అక్టోబరులో వెళ్లేముందు నాన్న ఒక చెక్కముక్కకు ఎనిమిది బెజ్జాలు వేసి, వాటిలో ఎనిమిది బిట్లు నిలబెట్టి వెళ్లారు. రెండు వందల పెట్టెలో పనికొచ్చినవి రెండు, మిగతావి కొత్తగా కొన్నవి. ఆ పెట్టె ఇప్పుడు లేదు.

ఈ వేసవికి మీ ఇంటికి వచ్చే పెద్దవాళ్లలో లేత్ పట్టినవాళ్లో, వడ్రంగం చేసినవాళ్లో, మోటార్లు విప్పి బిగించినవాళ్లో ఉంటే ఒకసారి గరాజ్ తలుపు తీసి మీ పనిముట్లు వాళ్ల ముందు పెట్టండి. వాళ్లు చేతులతో నేర్చుకున్నది వాళ్లతో పాటే పోకుండా పిల్లలకు కాస్త అందుతుంది. ఆ తర్వాత డ్రిల్లు చేతిలోకి తీసుకోండి. మా ఇంట్లో ఇప్పుడు నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టేలోపే మా అమ్మాయి అడుగుతుంది: "డాడీ, బిగించావా?" బిగించానని చూపిస్తే గానీ నన్ను మొదలుపెట్టనివ్వదు.